పని లేకుండా వెళ్లిన ఇల్లు

యువజన కార్యకర్తగా కృష్ణా డెల్టా దిగువన ఇరవై ఆరేళ్లు ఇళ్ల గుమ్మాలు ఎక్కి దిగాను. హాళ్లు అడిగాను, ఆటస్థలాలు అడిగాను, తీరిక లేని మనుషుల సమయం అడిగాను. ఎవరి ముందూ చేతులు నలుపుకోలేదు. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. వంగి దణ్ణాలు పెట్టకపోతే ఈ ఉద్యోగంలో ఒక్క పనీ జరగదని చేరిన మొదటి రోజే చెప్పినవాళ్లున్నారు. నేను వంగలేదు. పనులు జరిగాయి. ఒక పని మాత్రం నా వల్లే ఆగిపోయింది, దాన్ని మళ్లీ కదిలించడానికి నేను నేర్చుకున్నదే ఈ ఉద్యోగంలో నాకు తెలిసిన విద్య.

మొన్న బందరులో కొత్తగా చేరిన కార్యకర్తలకు శిక్షణ పెట్టి నన్నూ పిలిచారు. పొద్దున్నంతా ఒకాయన నెట్‌వర్కింగ్ గురించి తెర మీద బొమ్మలు చూపించారు. మధ్యలో పెద్ద చుక్క, చుట్టూ చిన్న చుక్కలు, వాటి మధ్య గీతలు. పెద్ద చుక్క మీరేనని పిల్లలకు చెప్పారు. భోజనాలయ్యాక నాకు పావుగంట ఇచ్చారు. గీతలు గీయడం ఎవరికైనా వస్తుందని, ఆ గీత వెంబడి బస్సెక్కి వెళ్లి అవతలి చుక్క గుమ్మంలో నిలబడ్డప్పుడు ఏమవుతుందో చెబుతానని మొదలుపెట్టాను. పావుగంటలో గుమ్మం దాకా కూడా రాలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఇంటి నియమం

మాది పెదపారుపూడి వైపు. మా తాతగారి పేరు చెబితే ఒకప్పుడు గుడివాడలో కొట్లవాళ్లు లేచి కుర్చీ వేసేవారట. నేను చూడలేదు. వ్యాజ్యాల్లో పొలాలు పోయాయి, ఆ తర్వాత బళ్లు, ఆ తర్వాత కారు. నాకు ఊహ తెలిసేసరికి మా నాన్నకి మిగిలినవి రెండు ఇస్త్రీ పంచెలూ, నడుం నిటారుగా పెట్టి నడవడమూ. పంచెలు చిరిగాయి. నడక నాకు వచ్చింది.

దానితో పాటు ఒక నియమం కూడా వచ్చింది. అడగడానికి వెళ్లిన ఇంట్లో పని తేలేదాకా మంచినీళ్లు కూడా ముట్టకూడదు. "వాళ్ల కాఫీ తాగి అడిగితే మొహమాటం పెట్టినట్టు. తాగకుండా అడుగు. కాదనే హక్కు వాళ్లకుంటుంది, లేచి వచ్చే హక్కు నీకుంటుంది" అనేవారు నాన్న. అన్నీ పోయాక ఆయన ఎన్ని గుమ్మాలు ఎక్కాల్సి వచ్చిందో నాకు తెలుసు. ఎక్కడా ఎవరి గ్లాసూ ముట్టలేదని కూడా తెలుసు.

మా ఆఫీసు బందరులో ఉండేది. పల్లెల్లో యువజన సంఘాలను నడపడం, పిల్లలకు పని నేర్పించడం మా బాధ్యత. మా దగ్గరున్నది చివర్లో ఇచ్చే సర్టిఫికెట్టు ఒక్కటే. చోటు, పనిముట్లు, నేర్పే మనిషి, అన్నీ ఊళ్లోవాళ్ల నుంచి రావాలి. అంటే రోజూ అడగడమే. నాన్న నియమం ఎండాకాలంలో దివిసీమలో పాటించడం ఎంత కష్టమో మీరు ఊహించుకోవచ్చు. పాటించాను.

తాతగారి గేరుబాక్సు

ముందు సుభానీ సంగతి చెప్పాలి, తర్వాత అవసరమవుతుంది. సుభానీకి గుడివాడలో డీజిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉండేది. చేతికి గ్రీజు, నోటికి వెటకారం ఎప్పుడూ ఉండేవి. మా సంఘాల పిల్లలకు ఇంజను పని నేర్పుతారా అని అడగడానికి మొదటిసారి వెళ్లాను. నా ఇంటిపేరు విని పాత ఇనుము గుట్ట వైపు చెయ్యి చూపించాడు.

"మీ తాతగారి కారు మా నాన్నే కొన్నాడు సార్. బాడీ ఎప్పుడో పోయింది. గేరుబాక్సు మాత్రం అదిగో, అక్కడే ఉంది. కావాలంటే దండేసి దణ్ణం పెట్టుకోండి."

షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను లేచి వచ్చేశాను. ఏడాదిన్నర పాటు ఆ వీధిలోకి వెళ్లలేదు. అతను పని నేర్పనని అనలేదు. నేను అడగనే లేదు. ఆ ఏడాదిన్నరలో గుడివాడ చుట్టుపక్కల ఒక్క పిల్లాడికీ నేను ఇంజను పని నేర్పించలేకపోయాను. నా మీద వేసిన జోకు ఖరీదు వాళ్లు చెల్లించారు. మీ మీద జోకేసినవాడు మీకు శత్రువు కాకపోవచ్చు. నాకు ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది.

పేటలో హాలు

తొంభైల మధ్యలో దివిసీమలో రొయ్యల చెరువులకు తెల్లమచ్చ తెగులు వచ్చింది. చెరువులు ఎండగట్టారు. కాపలాకీ మేతకీ కుదిరిన కుర్రాళ్లంతా ఖాళీ అయిపోయారు. నాగాయలంక దాటాక ఒక క్రైస్తవుల పేట ఉంది. అక్కడి యువజన సంఘానికి కార్యదర్శి ప్రకాష్. ఇంటరు పాసై, మూడేళ్లుగా డీజిల్ మెకానిక్ శిక్షణ మా పేటలో పెట్టండని నా వెంట పడుతున్నాడు.

ఆ ఏడాది శిక్షణ మంజూరైంది. నెలాఖరులోగా మొదలుపెట్టకపోతే ఉయ్యూరు వైపు తరలిస్తామన్నారు. అప్పటికి పేటలో పద్దెనిమిది మంది కుర్రాళ్లు దూర రేవులకు మరపడవల మీద కూలికి వెళ్లడానికి సంచులు సర్దుకున్నారు. శిక్షణ వస్తుంది, నా మాట నమ్మండని ప్రకాష్ వాళ్లను ఆపాడు. అది రాకపోతే అతను ఆ పేటలో మళ్లీ నోరెత్తలేడు.

చోటుకు పేటలోనే హాలు ఉంది. ఉప్పెన తర్వాత ఎత్తుగా కట్టింది, గాలీ వెలుతురూ బాగా వచ్చేది. హాలు కమిటీకి పెద్ద మార్తమ్మ గారు. బళ్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. ఇంజన్లకు ఆ పక్క ఊళ్లో రంగారావు గారున్నారు. చెరువులు పోయాక ఆయన షెడ్డులో ఆరు ఇంజన్లు ఊరికే పడి ఉన్నాయి. నాకు దూరపు చుట్టం కూడా.

ఒకే రోజు ఇద్దరి దగ్గరికీ వెళ్లాను. ప్రకాష్ నాతో ఉన్నాడు.

మార్తమ్మ గారు కుర్చీ తుడిచి వేశారు. నేను విషయం మొదలుపెట్టేలోపే లోపలికి వెళ్లి కాఫీ తెచ్చారు. గాజు గ్లాసు, కింద సాసరు. వాటిని ఎప్పుడూ వాడే సామాను నుంచి తీసినట్టు లేదు.

"వద్దండీ. ముందు పని సంగతి మాట్లాడుకుందాం" అన్నాను.

ఆవిడ గ్లాసు స్టూలు మీద పెట్టారు. నేను పావుగంట మాట్లాడాను. కాఫీ మీద మీగడ కట్టింది. "కమిటీలో పెడతానండీ" అన్నారు ఆవిడ. నేను బాగా మాట్లాడాననుకుంటూ బయటికి వచ్చాను.

రంగారావు గారు కాఫీ తెప్పించబోతే అక్కడా అదే మాట అన్నాను. ఆయన పగలబడి నవ్వారు. "పొలాలు పోయినా మీ వంశం పొగరు పోలేదు బావగారూ! ఇంజన్లేగా, తీసుకెళ్లండి" అన్నారు. పని తేలింది కాబట్టి అక్కడ కాఫీ తాగాను. ప్రకాష్ గుమ్మం బయట నిలబడి ఇదంతా చూశాడు. అతన్ని ఎవరూ లోపలికి పిలవలేదు. నేను గమనించలేదు. గమనించకపోవడం నా పొరపాటు అని ఇక్కడ రాయకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

ప్రకాష్ తాగని టీ

పది రోజుల తర్వాత ప్రకాష్ బస్సెక్కి బందరు ఆఫీసుకు వచ్చాడు. ఎండన పడి వచ్చాడు కదా అని కిందనుంచి టీ తెప్పించి ముందు పెట్టాను.

"వద్దండీ. ముందు పని సంగతి మాట్లాడుకుందాం" అన్నాడు.

నా మాట, నా గొంతుతో సహా. నేను అతని ముఖం చూశాను. అతను టీ గ్లాసు వైపు చూస్తున్నాడు.

"కమిటీ వద్దందండీ. హాలు ఇవ్వరంట."

"ఎందుకు?"

"టీచరమ్మ గారు అన్నది చెప్పమంటారా? 'మా గ్లాసు ముట్టనోళ్లు మా హాల్లోకి దేనికి?' అన్నారండీ. రంగారావు గారింట్లో తాగారా అని నన్నడిగారు. నేను అబద్ధం చెప్పలేదు."

కోపం వచ్చింది. నా నియమం నాది, దానికి కులం రంగు పూయడానికి వీళ్లెవరు అనుకున్నాను. అది మా నాన్న మాట అని చెప్పాను, పని తేలితే ఎవరింట్లోనైనా తాగుతానని చెప్పాను. ప్రకాష్ అంతా విన్నాడు.

"నిజమేనండీ, మీరు అట్టాంటోళ్లు కాదని నాకు తెలుసు. కానీ ఆళ్లకి మీ నాన్నగారు తెలీదు కదండీ" అన్నాడు. టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

మా ఆఫీసరు గారికి ఇది చిన్న విషయం. "హాలు లేకపోతే పోయింది. ఆ రంగారావు గారి షెడ్డులోనే పెట్టెయ్యండి. రిపోర్టులో పద్దెనిమిది మంది కనపడితే చాలు" అన్నారు. నాకూ సుళువుగానే కనిపించింది. మర్నాడు రంగారావు గారి దగ్గరికి వెళ్లాను.

"నేనూ అదే చెబుదామనుకుంటున్నా బావగారూ. నా షెడ్డులో పెట్టండి. మనవాళ్ల పిల్లలు కూడా ఓ అయిదారుగురు వస్తారు. ఆ హాల్లోకయితే వీళ్లని పంపమంటే ఎట్లా చెప్పండి?"

"పేట పిల్లలు ఇక్కడికి వస్తే అందరూ ఒకే చోట కూర్చుంటారా?"

"కూర్చోకేం? నీళ్లకుండ మాత్రం వాళ్లది వాళ్లు తెచ్చుకుంటారు లెండి. అలవాటేగా వాళ్లకి."

"కుండ ఒకటే అయితే షెడ్డు ఒప్పుకుంటాను" అన్నాను.

ఆయన ఆశ్చర్యంగా చూశారు. "మీరేనా ఈ మాట అనేది? ఆ మార్తమ్మ ఇంట్లో కాఫీ ముట్టకుండా లేచొచ్చారంట కదా! మా ఊళ్లో అందరూ ఎంత మెచ్చుకున్నారో. ఉద్యోగం కోసం తిరుగుతున్నా పద్ధతి మర్చిపోలేదు మనిషి అని."

ఇరవై ఆరేళ్లలో నన్ను చాలామంది తిట్టారు. ఏ తిట్టూ ఆ మెప్పంత గట్టిగా తగల్లేదు. మా నాన్న ఎవరికీ తలవంచకూడదని పెట్టిన నియమం, ఇంకొకరి తల వంచడానికి ఈ మనిషికి పనికొచ్చింది. అది నేనే ఆయన చేతికిచ్చాను.

"మీ ఇంజన్లు మీ దగ్గరే ఉంచుకోండి" అన్నాను. లేచాను.

"పౌరుషం ఎక్కువైంది బావగారూ! ఇంజన్లు లేకుండా ఏం నేర్పుతారు, బైబిలా?" అని వెనక నుంచి అరిచారు. ఆఫీసుకు వెళ్లి ఆ షెడ్డులో శిక్షణ పెట్టనని రాసిచ్చాను. మా ఆఫీసరు గారు కాగితం చదివి, "ఈ పౌరుషానికి ఉయ్యూరువాళ్లు మీకు థాంక్స్ చెబుతారు" అన్నారు. చెప్పనివ్వండి అన్నాను. నెలాఖరుకు పన్నెండు రోజులుంది. హాలు లేదు, ఇంజన్లు లేవు.

ఇక్కడ కొత్తవాళ్లకి ఒక మాట. మొన్న శిక్షణలో బొమ్మలు చూపించినాయన 'విన్-విన్' అన్నారు, ఇద్దరూ గెలవాలట. అన్ని పొత్తులూ అట్లా ఉండవు. కొన్ని పొత్తులు వదులుకోవాలి. ఆరు ఇంజన్లున్న మనిషిని వదులుకోవాలి. ఎవరితో కలవకూడదో తెలియనివాడికి ఎవరితో కలిసినా విలువ ఉండదు.

ఇవ్వని కాఫీ

మార్తమ్మ గారింటికి ఒక్కణ్ణే వెళ్లాను. ఆవిడ వాకిట్లో బియ్యం చెరుగుతున్నారు. కూర్చోమనలేదు. నిలబడే నాన్న నియమం సంగతంతా చెప్పాను. రంగారావు గారి మెప్పు సంగతి కూడా దాచలేదు. ఆవిడ చాట ఆపలేదు.

"మీ నాన్నగారి మాట మీకు తెలుసండీ. మాకెట్టా తెలుస్తుంది? ఈ గుమ్మంలో గ్లాసు వద్దన్నోళ్లని నా చిన్నప్పటి నుంచీ చూస్తన్నా. ఒకళ్లు కడుపులో బాలేదంటారు, ఒకళ్లు ఇప్పుడే తాగొచ్చామంటారు. మీరు పని సంగతి అన్నారు. మాకు అన్నీ ఒకలాగే వినపడతాయి."

"తప్పు నాదేనండీ. ఇప్పుడు ఇవ్వండి, తాగుతాను."

చాట ఆగింది. ఆవిడ మొదటిసారి నా వైపు చూశారు.

"ఇవ్వను. ఇప్పుడు మీరు హాలు కోసం తాగుతారు. మా కాఫీకి అంత ఖర్మేం పట్టలేదు."

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ క్షణంలో ఆవిడ వెన్ను చూశాను. నాకన్నా నిటారుగా ఉంది. పొగరు మా వంశం ఆస్తి అనుకుంటూ బతికాను. ఆ ఆస్తి ఆవిడ దగ్గర నాకన్నా ఎక్కువే ఉంది.

"ఇంజన్లు తెస్తే హాలు తీస్తారా?" అన్నాను.

"రంగారావువి కాకుండానా?"

"కాకుండానే."

"తీసుకురండి, చూద్దాం. పిల్లలకి పని వస్తుందంటే నాకు మాత్రం చేదా?"

సుభానీ షెడ్డు, రెండోసారి

ఆ సాయంత్రానికే గుడివాడ చేరాను. ఏడాదిన్నర తర్వాత ఆ వీధిలోకి అడుగుపెట్టాను. సుభానీ ఒక ఇంజను కింద పడుకుని ఉన్నాడు. నా చెప్పులు చూసి, "ఎవరూ, దండ తెచ్చారా?" అన్నాడు.

"దండ తేలేదు. నీ పాత ఇంజన్లు రెండు కావాలి. మూడు నెలలు నువ్వు కూడా కావాలి. నాగాయలంక అవతల పేటలో పద్దెనిమిది మంది పిల్లలున్నారు" అన్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. కాఫీ దగ్గర నవ్వాడు. కుండ దగ్గర నవ్వడం మానేసి బయటికి వచ్చి కూర్చున్నాడు.

"అప్పుడు లేచిపోయారేంటి సార్? మా నాన్న ఆ కారు గురించి చెప్పని రోజు లేదు. దాన్ని ముక్కలు చెయ్యడానికి మనసొప్పక గేరుబాక్సు ఉంచేశాడు. మీకు చూపిద్దామనే అన్నాను. నా నోరు అట్టా పుట్టింది, ఏం చెయ్యను?"

వారానికి మూడు రోజులు వస్తానన్నాడు. షరతు ఒకటే పెట్టాడు: ఆ గేరుబాక్సును అడ్డంగా కోసి తీసుకొస్తాడు. లోపల పళ్ల చక్రాలు ఒకదాన్నొకటి ఎట్లా పట్టుకుంటాయో కళ్లతో చూడకుండా ఏ కుర్రాడికీ గేరు అర్థం కాదట. "మీ తాతగారిది కదా, మీరు సరేనంటేనే" అన్నాడు.

మా తాతగారి వైభవంలో మిగిలిన ఇనుము అదొక్కటే. సరే అన్నాను. అతను కోస్తుంటే నిలబడి చూశాను కూడా. నాకేం బాధ కలగలేదు. కలుగుతుందనుకున్నవాళ్లు ఉంటే వాళ్లకే చెబుతున్నాను.

ట్రాక్టరు మీద రెండు ఇంజన్లూ, సగానికి కోసిన గేరుబాక్సూ పేటలోకి వచ్చేసరికి నెలాఖరుకు ఇంకా మూడు రోజులుంది. మార్తమ్మ గారు ట్రాక్టరు చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. గేరుబాక్సు ఎవరిదో సుభానీ చెప్పాడు. ఆవిడ కొంగున ఉన్న తాళాలు ప్రకాష్ చేతిలో పెట్టారు.

"పొండి, తుడుచుకోండి" అన్నారు.

మూడు నెలలూ, తర్వాతా

హాల్లో ఒకటే కుండ. పిల్లలూ సుభానీ నేనూ అందులోవే తాగాం. రంగారావు గారి ఊరి నుంచి ఇద్దరు కుర్రాళ్లు ఇంట్లో చెప్పకుండా వచ్చి చేరారు. వాళ్లూ అందులోవే తాగారు. పద్దెనిమిది మందిలో నలుగురు మధ్యలో మానేశారు, ఇద్దరికి ఎంత నేర్పినా పని రాలేదు. మిగతావాళ్లు ఇంజను విప్పి బిగించడం నేర్చుకున్నారు. ప్రకాష్ తర్వాత అవనిగడ్డలో చిన్న షెడ్డు పెట్టుకున్నాడు.

రోజూ పదకొండింటికి మార్తమ్మ గారింటి నుంచి హాలుకు టీ వచ్చేది. అందరికీ వచ్చేది. నాకు రాలేదు. సుభానీ తన గ్లాసు నా ముందు ఊపి మరీ తాగేవాడు. నేను అడగలేదు. ఆవిడ ఇవ్వలేదు. ఇద్దరం మూడు నెలలూ అట్లాగే నిలబడ్డాం.

సర్టిఫికెట్లు ఇచ్చిన రోజు హాలు తాళం వేస్తూ ఆవిడ అడిగారు.

"ఇంక మాతో మీకు పనేమన్నా ఉందా?"

"ఏం లేదండీ. అయిపోయింది."

"అయితే ఊరికే ఒకసారి రండి."

కొత్తగా చేరిన మీకు నేను చెప్పగలిగింది ఇదే. నేను నా నియమం మార్చుకోలేదు. రిటైరయ్యేదాకా, అడగడానికి వెళ్లిన ఇంట్లో పని తేలకముందు కాఫీ తాగలేదు. కాకపోతే అది ఎందుకో ముందే చెప్పడం నేర్చుకున్నాను. ఎవరినైనా ఏదైనా అడగబోయే ముందు, అడగాల్సిందేమీ లేనప్పుడు రెండుసార్లు ఆ ఇంటికి వెళ్లి రావడం నేర్చుకున్నాను. దాన్ని మా ఆఫీసులో తిరుగుబోతుతనం అన్నారు. టూరు డైరీలో 'పని: ఏమీ లేదు' అని రాస్తే రెండుసార్లు మెమో ఇచ్చారు. మళ్లీ అదే రాశాను.

ఆ మొదటిసారి మాత్రం చెప్పి తీరాలి. ఒక ఆదివారం బందరులో బస్సెక్కాను. చేతిలో ఫైలు లేదు. ఏ గుమ్మం ముందూ తడబడని నాకు, దారి పొడుగునా ఒకటే బెంగ, వెళ్లి ఏమనాలి అని. అడగడం నాకు వచ్చు. ఊరికే వెళ్లడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. నాగాయలంకలో దిగి తిరిగి వెళ్లిపోదామా అని కూడా అనుకున్నాను.

మార్తమ్మ గారు ప్రార్థన నుంచి అప్పుడే వచ్చినట్టున్నారు, తెల్లచీరలో గుమ్మంలోనే ఉన్నారు.

"ఏం పని మీద వచ్చారు?" అన్నారు.

"ఏం పని లేదండీ."

ఆవిడ కాసేపు నన్నే చూశారు. అబద్ధమేమోనని వెతికినట్టున్నారు.

"అయితే కూర్చోండి" అని లోపలికి వెళ్లి, పొయ్యి మీద పాలు పెట్టారు.